నాలుగో మడి కొత్తిమీర

పోయిన వారం చేనికి బయల్దేరుతూ, మోటారు షెడ్డు తాళంచెవి ఇమ్మని మా అన్నను అడిగాను. గోడకున్న మేకుకు వేలాడుతున్నది తీసి నా చేతిలో పెట్టాడు. తాళంచెవి కన్నంలో వేలెడు వెడల్పున్న ఫ్లెక్సీ పట్టీ ఒకటి దూర్చి ముడివేసి ఉంది. ఎండకు వెలిసి ముప్పాతిక వంతు తెల్లబడిన ఆ పట్టీ మీద ఒక కన్ను, దాని చుట్టూ సగం కళ్ళజోడు. ఆ కన్ను నాదే. కుడికన్ను. "దీన్నింకా తీసేయవా అన్నా?" అని అడిగితే, ఆయన నవ్వనైనా నవ్వకుండా, "తాళంచెవి యాడ పెట్టింటానో మర్సిపోతాండా పాపా. నువ్వు ఉరిమి సూస్తాంటే తొందరగా కనపడ్తాది" అన్నాడు.

నాకు అరవై నాలుగేళ్ళు. మా అన్నకు డెబ్బై దగ్గర పడుతోంది. అయినా ఆయన నోట నేను పాపనే. కోడుమూరు బజార్లో సిమెంటు, ఇనుము అమ్మే కొట్టు ఆయనది. నేనెప్పుడైనా అటు వెళితే, "మా పాప వచ్చినాది, కుర్చీ ఎయ్యండప్పా" అని కేకేస్తాడు. పనికి కొత్తగా చేరినవాళ్ళు గౌను తొడుక్కున్న పిల్ల ఎక్కడుందా అని గుమ్మం వైపు వెతికి, తలంతా నెరిసిన నన్ను చూసి తెల్లమొహం వేస్తారు. అలాంటి అన్నకూ నాకూ మధ్య ఒక ఏడాది పాటు పెద్ద పందెం నడిచింది. ఆ పందేనికీ ఈ కంటికీ సంబంధం ఉంది.

కోడుమూరుకు మూడు కిలోమీటర్ల దూరంలో, రోడ్డు పక్కనే, మాకు ఎకరంన్నర ఎర్రనేల ఉంది. అమ్మ పుట్టింటివాళ్ళు ఆమెకిచ్చింది. ఆ నేలలో అమ్మ వంకాయలు పండించి, గంపకెత్తుకుని, కోడుమూరు సంతకు నడిచేది. నేను వెనకాలే కొంగు పట్టుకుని నడిచేదాన్ని. సంతలో గంప పక్కన కూర్చుని వంకాయలు ఐదేసి చొప్పున కుప్పలు పెట్టడం నా పని. ఐదో ఎక్కం నాకు బడి కన్నా ముందు ఆ కుప్పలే నేర్పాయి. తరవాత ముప్పై మూడేళ్ళు లెక్కల టీచరుగా పనిచేసి, డోన్‌లో ఒక ఆడపిల్లల హైస్కూల్లో రిటైరయ్యాను. అమ్మ పోయాక చేను అన్నకూ నాకూ ఉమ్మడిగా వచ్చింది. పదిహేనేళ్ళు బీడుగా పడి ఉంది. ఇంతలో సోలారువాళ్ళు వచ్చారు. మా చేనికి ఒక పక్కన కనుచూపు మేర అద్దాల పలకలు పరిచేశారు. మా ఎకరంన్నర కూడా కౌలుకిస్తే వాళ్ళ మైదానం రోడ్డు దాకా వస్తుందని అన్న చుట్టూ తిరగసాగారు.

నేను రిటైరైన నెలకే ఉగాది వచ్చింది. అన్న ఇంట్లో విస్తళ్ళ ముందు కూర్చున్నప్పుడు ఆయన కాగితాలు తీశాడు. ఇద్దరం సంతకం పెట్టాలి. నేను పెట్టనన్నాను. ఆ చేన్లో నేనే కూరగాయలు పండిస్తానన్నాను. అంతవరకూ ఆ ఆలోచన నా బుర్రలో లేదు. ఆ కాగితం మీద "నిరుపయోగ భూమి" అని రాసి ఉంది. అమ్మ చేనుకు సున్నా మార్కులు వేసినట్టు అనిపించి ఒళ్ళు మండిపోయింది, అంతే. అన్న భక్ష్యం నములుతూ నన్ను కిందనుంచి మీద దాకా చూశాడు. "నువ్వా? కుండీలో తులసి గూడా నీ చేతిలో బతకలేదు కదా పాపా" అన్నాడు. అది నిజమే, మూడు తులసులు చంపాను. కానీ నిజం పదిమందిలో చెప్పేటప్పటికి నాకు పంతం హెచ్చింది.

చివరకు అన్నే షరతు పెట్టాడు. "సరే, ఏడాది టైమిస్తా. వచ్చే ఉగాదికి ఈ ఇంట్లో వండే కూరగాయ, ఆకు, అంతా ఆ చేన్లో కాసిందే కావల్ల. ఒక్కటి గూడా తక్కువ పడగూడదు. తక్కువ పడిందంటే మారుమాట్లాడకుండా సంతకం పెట్టల్ల." నేను ఒప్పుకున్నాను. మామిడికాయ, వేపపువ్వు మాత్రం లెక్కలోకి రావని మా వదిన తీర్పు చెప్పింది. ఉగాది రోజు ఏమేం వండాలో కూడా అప్పుడే ఖరారు చేసింది. గుత్తి వంకాయ, మెంతికూర పప్పు, కొత్తిమీర పచ్చడి. ఆమెకు ముందునుంచీ తీర్పులు చెప్పడం ఇష్టం.

మా ఆయన రైల్వేలో చేసి రిటైరైన మనిషి. డోన్ స్టేషను కూత వినపడని చోట నిద్ర పట్టదంటారు. కాబట్టి ఆయన అక్కడే ఉండిపోయారు. నేను బట్టలు సర్దుకుని అన్న మేడ మీది గదిలో దిగాను. అంటే శత్రువు ఇంట్లోనే ఉంటూ, శత్రువు పెట్టే అన్నమే తింటూ, పొద్దున్నే శత్రువు స్కూటరు మీద చేనికి వెళ్ళేదాన్ని. ఆయన నన్ను గట్టు మీద దింపి, "ఈపొద్దు ఏం సంపుతావు పాపా?" అని అడిగి కొట్టుకు వెళ్ళిపోయేవాడు.

చేనికి రెండో పక్క పొలం ఆపాది. ఆపా అంటే ఉర్దూలో అక్క. ఆమె ఆ దారిన పోయే అందరికీ ఆపానే, పేరు పెట్టి పిలిచినవాళ్ళను నేను చూడలేదు. నాకన్నా ఎనిమిదేళ్ళు చిన్నది అయినా నేనూ ఆపా అనేదాన్ని. నేను మొదటిరోజు గొడుగు, చేతి తొడుగులు, వ్యవసాయం మీద మూడు పుస్తకాలు పట్టుకుని దిగినప్పుడు ఆమె తన చేన్లోనుంచి నడుము ఎత్తి చాలాసేపు చూసింది. తరవాత మెల్లగా వచ్చి, నేను గింజలు వేస్తున్న చోట కూర్చుంది. నేను స్కేలు పెట్టి కొలిచి, జానకొక గింజ చొప్పున సాలు వేస్తున్నాను. "టీచరమ్మా, ఏమి చేస్తాండావు?" అంది. బెండ గింజలు వేస్తున్నానన్నాను. "వంకర పోతే మొలకెత్తవా?" అని అడిగింది. పుస్తకంలో వెతికాను, దానికి జవాబు లేదు.

ఆ రోజునుంచి మేమిద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. మా బోరులో నీళ్ళున్నాయి, ఆమెకు పని వచ్చు. ఇద్దరం కలిసి చేసి, వచ్చింది పంచుకుంటాం. ఆకుకూరలు సాయంత్రం పూట ఆమె ఆటోలో వేసుకుపోయి కోడుమూరు బస్టాండు దగ్గర అంగళ్ళకు వేసి వస్తుంది. ఒప్పందం కుదరగానే నేను చేసిన మొదటి పని, మోటారు షెడ్డు గోడకు నల్లరంగు పూయించడం. దాని మీద సుద్దముక్కతో టైంటేబిల్ రాశాను. సోమవారం మొదటి మడికి నీళ్ళు, మంగళవారం రెండో మడిలో కలుపు, శనివారం ఫలానా మడిలో కోత, ఇలా వారానికి సరిపడా. ప్రతి శనివారం పాతది తుడిచి కొత్తది రాయాలి. ఆపా ఏడో తరగతి దాకా చదివింది, బాగానే చదవగలదు. బోర్డు ముందు నిలబడి అంతా చదివి, "శానా బాగుండాది" అని మెచ్చుకుని, దాని మేకుకు తన టిఫిను సంచి తగిలించి, ఆ రోజు చేయాల్సిన పని కాకుండా ఇంకోటి చేసింది. ఎందుకని అడిగితే, "నీ బోర్డుకు వాన వస్తాదని తెలీదు కదా టీచరమ్మా" అంది. ఆ మధ్యాహ్నం వాన వచ్చింది. ఏడాది పొడుగునా ఆమె నా టైంటేబిల్ పాటించింది ఒకే ఒక్కరోజు. ఆ సంగతి తరవాత చెబుతాను.

ఆ ఏడాది నేను నేర్చుకున్నవి వరసగా చెబితే మా అన్న మాటే నెగ్గుతుంది. బెండ బాగానే వచ్చింది. ఏ పూటకాపూట కోయాలని తెలియక, ఇంకాస్త పెరగనీ అని రెండు రోజులు ఆగాను. మూడోరోజు అవి కత్తికి తెగలేదు. చిక్కుడు పందిరి వేశాను, పందులొచ్చి పందిరితో సహా తినిపోయాయి. టమోటాలు మాత్రం కనికరించాయి. కానీ అవి కాసినప్పుడు కోడుమూరు చుట్టుపక్కల ఊళ్ళన్నిట్లోనూ కాశాయి. ఎవరికిచ్చినా వద్దన్నారు. మా వదిన వరసగా ఇరవైరోజులు టమోటా పప్పు, టమోటా చారు, టమోటా పచ్చడి పెట్టింది. ఇరవై ఒకటోరోజు మా అన్న కంచం ముందు కూర్చుని, చేతులు జోడించి, "పాపా, నేను ఓడిపోయినా. ఈ టమోటాలు ఆపు" అన్నాడు. అయితే సోలారు కాగితాలు చింపేయమన్నాను. ఆయన కాసేపు ఆలోచించి చారు పోసుకున్నాడు.

వంకాయ పూతకొచ్చిన రోజుల్లో దిష్టి గొడవ మొదలైంది. మా చేను రోడ్డు పక్కన ఉంది కదా, బస్సులో పోయేవాళ్ళు, ఆటోల్లో పోయేవాళ్ళు, అందరూ అటే చూస్తారు. ఎండిన నేలల మధ్య నాలుగు పచ్చని మళ్ళు కనపడితే ఎవరైనా చూస్తారు. చూసిన ప్రతివాడూ మనసులో ఒక మాట అనుకుంటాడని, ఆ మాట మొక్కకు తగులుతుందని ఆపా నమ్మకం. మా వైపు రైతులు దీనికి సినిమా హీరోయిన్ల ఫ్లెక్సీలు తెచ్చి చేన్లో కడతారు. జనం చూపు బొమ్మ మీద పడితే పంట మీద పడదని. నేను చదువుకున్నదాన్ని, ఇవన్నీ నా దగ్గర పనికిరావన్నాను. ఆపా సరేలెమ్మంది. సరేలే అని ఆమె అంటే ఏమిటో అప్పటికి నాకు తెలియదు.

నా రిటైర్మెంటుకు పదో తరగతి పిల్లలు ఆరడుగుల ఫ్లెక్సీ వేయించారు. నడుము దాకా నా ఫోటో, మెళ్ళో పూలదండ, కళ్ళజోడు మీదుగా కెమెరాను చూస్తున్న చూపు, కింద "మా లెక్కల టీచరమ్మకు ఘన సన్మానం" అన్న ఎర్రక్షరాలు. పారేయడానికి మనసొప్పక, మిరపకాయలు ఆరబోసుకోవడానికి పనికొస్తుందని మోటారు షెడ్లో పెట్టాను. ఒక సోమవారం పొద్దున అన్న స్కూటరు మీద వస్తూ, దూరం నుంచే చూశాను. వంకాయ మడి మధ్యలో, రెండు వెదురు కర్రల మధ్య, నేను నిలబడి ఉన్నాను. దండతో సహా. అన్న స్కూటరు ఆపేశాడు. నవ్వి నవ్వి గట్టు మీద కూలబడ్డాడు. "ఓయమ్మా! నువ్వు యాడికి పోయినా టీచరువే కదే పాపా!"

నేను ఆపా మీదకు యుద్ధానికి వెళ్ళాను. ఆమె కలుపు తీస్తూ తలెత్తకుండానే చెప్పింది. "సినిమా బొమ్మ పెడితే జనం నిలబడి సూస్తారు టీచరమ్మా. నిలబడినాక చేను గూడా సూస్తారు. నిన్ను పెడితే ఎవురూ నిలబడరు." తీసేయమని గట్టిగా చెప్పబోయాను. అంతలో రోడ్డు మీద మోటారు సైకిలు ఒకటి వచ్చింది. దాని వెనక కూర్చున్న ఒకామె మా చేను వైపు చూసి, ఉలిక్కిపడి, కొంగు సర్దుకుని, తల దించుకుంది. పదేళ్ళ కింద నా దగ్గర చదువుకున్న పిల్ల. పక్కనే అసలు నేను నిలబడి చెయ్యి ఊపినా నావైపు చూడలేదు. ఫ్లెక్సీ ఉండిపోయింది. ఎందుకు దాచాలి, ఆ పంటకు వంకాయ విరగకాసింది. దిష్టి తగలకనో, ఆపా వేసిన పేడ ఎరువు వల్లనో, నేను చెప్పలేను.

కార్తీకం దాటాక వీచిన గాలులకు ఫ్లెక్సీ రెండు చోట్ల చిరిగింది. నేను ఊరుకున్నాను కానీ ఆపా వస్తువేదీ వృథా పోనివ్వదు. ఆకుకూర కట్టలకు రబ్బరు బ్యాండ్లు వేస్తే మా ఎండకు సంతకు చేరేలోపలే తెగిపోయేవి. ఆమె కత్తెర తెచ్చి, నన్ను వేలెడు వెడల్పు పట్టీలుగా కత్తిరించి, షెడ్లో కట్టగట్టి పెట్టింది. అప్పటినుంచి మా చేని కొత్తిమీర, మెంతికూర కట్టలన్నీ నాతోనే కట్టేవాళ్ళం. ఒక కట్టకు చెవి, ఒక కట్టకు పూలదండ, ఒక కట్టకు "ఘన". కోడుమూరు జనం నన్ను ఇంటికి తీసుకుపోయి, విప్పి, పారేసేవాళ్ళు. మొదట్లో కొంచెం బాధేసింది. తరవాత ఏ కట్టకు ఏ ముక్క వస్తుందా అని నేనే ఎదురుచూసేదాన్ని. కళ్ళున్న పట్టీలు రెండింటినీ ఆపా చివర దాకా వాడలేదు. "నువ్వు సూస్తాంటే ముడెయ్యబుద్ధి కాదు" అనేది.

మాఘం వచ్చేసరికి బోరు మొరాయించింది. రోజుకు మూడు గంటలు పోసే నీళ్ళు గంటకు వచ్చాయి. అన్నీ తడపలేం. ఉగాది ఇంకా నెలన్నర ఉంది. నేను పుస్తకాలు మూసేసి కాగితం తీసి లెక్క వేశాను. కొత్తిమీరకు నలభైరోజులు, మెంతికూరకు ముప్పై, వంకాయలో పాత మొక్కలే రెండు సాళ్ళు కాపాడితే చాలు. ఆ వంకాయ సాళ్ళున్న నాలుగో మడిలోనే మిగతావీ వేశాను. ఎండకు కొత్తిమీర మాడకుండా మా వదిన పాత చీరలు అడిగి పందిరి వేశాను. పొద్దున గంటసేపు వచ్చే నీళ్ళు ఆ ఒక్క మడికే. మొలకలు లేచినరోజు నేను నేల మీద బోర్లా పడుకుని చూశాను. నాకు ఆ చేను కావాలి. సోలారు పలకలు మంచివే, కరెంటు అందరికీ కావాలి, నాతో సహా. కానీ అమ్మ గంప నింపిన నేల అదొక్కటే, దాన్ని నా సంతకంతో మూసేయడం నావల్ల కాదు. ఆ మాట అన్నతో చెబితే ఏడుస్తానని చెప్పలేదు.

ఆ ఏడాది ఉగాది ఆదివారం వచ్చింది. నెలవంక కనబడితే సోమవారం రంజాన్. శనివారం పొద్దున నేను బస్సెక్కి మా ఆయన్ను తీసుకురావడానికి డోన్ వెళ్ళాను. సాయంత్రం తిరిగొచ్చి, పొద్దు వాలే వేళకు కోసుకుంటే, తెల్లారి వంటకు తాజాగా ఉంటుందని నా లెక్క. నాలుగున్నరకు కోడుమూరులో దిగి, ఇంటికి కూడా పోకుండా, ఇద్దరం ఆటోలో చేనికి వెళ్ళాం. చీరల పందిరి అలాగే ఉంది. కింద మడి గీకినట్టు ఖాళీగా ఉంది. కొత్తిమీర లేదు, మెంతికూర లేదు. వంకాయ మొక్కలకు గుండీలంత పిందెలు తప్ప కాయ లేదు.

ఆపా రోజా ఉపవాసం విప్పడానికి ఇంటికి పోబోతూ చెంబు కడుక్కుంటోంది. నన్ను చూసి సంతోషంగా, "అంతా అయిపాయె టీచరమ్మా! రెండు పండగలు కదా, అంగట్లో ఆకు దొరకదు, మద్యాన్నమే ఏసొస్తి, అంగళ్ళోళ్ళు ఎత్తుకోని పోయినారు. పట్టీలు గూడా అయిపాయె, నీ కండ్లు రెండూ కట్టేసినా" అంది. నా ముఖం చూసి ఆగిపోయింది. "ఏమి? నువ్వే కదా రాసింటివి?" అని షెడ్డు గోడ వైపు చెయ్యి చూపించింది. బోర్డు మీద, నా గుండ్రని అక్షరాల్లో, "శనివారం: నాలుగో మడి అంతా కోత" అని ఉంది. ఆమె కోయాలని రాసింది కాదు, నేను కోసుకోవాలని నాకోసం రాసుకున్నది. డోన్ పోతూ దాన్ని తుడవలేదు, ఆమెకు చెప్పనూ లేదు. ముప్పై మూడేళ్ళు క్లాసు వదిలిపోయే ముందు బోర్డు తుడవండమ్మా అని పిల్లలకు చెప్పినదాన్ని. "ఏడాదంతా నీ మాట ఇనలేదే, పండగపూటన్నా ఇందామనుకుంటి" అని ఆపా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆమె కళ్ళు నిండాయి. నావీ నిండాయి. నీళ్ళులేని చేన్లో అంత నీరు వృథా చేయడం అదొక్కసారే.

తన పెరట్లో పుదీనా, కొత్తిమీర ఉన్నాయని, తెల్లారే తెచ్చిస్తానని, ఎవరికీ తెలియదని ఆపా అంది. వద్దన్నాను. కాపీ కొట్టిన పిల్లల్ని బెంచీ ఎక్కించిన మనిషిని, రిటైరయ్యాక నేను కాపీ కొడితే ఆ పిల్లలకు ఏం చెప్పను? దారిలో మా ఆయనతో, "పొద్దున్నే అన్నకు నేనే చెప్పి సంతకం పెట్టేస్తాను, మీరు మాత్రం ఈ రాత్రికి ఎవరితోనూ అనకండి" అన్నాను. ఆయన గంభీరంగా తలూపారు. మా ఆయన కడుపులో మాట దాగదని పెళ్ళైన వారానికే తెలిసింది. అయినా నమ్మాను.

పండగ పొద్దున తలంటుకుని, మనసు దిటవు చేసుకుని, ముందు వదినకు చెబుదామని వంటింట్లోకి వెళ్ళాను. మూలనున్న గంపలో వంకాయలు, మెంతికూర, కొత్తిమీర నిండుగా ఉన్నాయి. వదిన కాయలు గుత్తులుగా తరుగుతూ, "మంచిగా కాసినాయి పాపా, గెలిచినావు లే" అంది. వద్దన్నా ఆపా పనే ఇదంతా అనుకుని పెరట్లోకి వెళ్ళి ఫోను చేశాను. "నేను పంపించలేదు టీచరమ్మా, అల్లా మీద ఒట్టు. నువ్వు వద్దంటివి కదా" అంది. తిరిగొచ్చి గంప ముందు కూర్చున్నాను. ఒక కొత్తిమీర కట్ట తీసి విప్పబోతే, ముడి పక్కనుంచి నా కుడికన్ను నన్ను చూసింది.

ఇంకో కట్ట తీశాను. ఎడమకన్ను. మెంతికూర కట్టకు "మానం" అని ఉంది. నాలుగో మడి అంతా అక్కడే ఉంది. పెరట్లో అన్న స్కూటరు చూశాను. కాళ్ళు పెట్టుకునే చోట మెంతాకు రాలి ఉంది. ఉగాదినాడు తలంటు కాకుండా గడప దాటని మనిషి వసారాలో కూర్చుని, ఒంటికి నూనె రాసుకుంటూ, నావైపు చూడకుండా రోడ్డు వైపు చూస్తున్నాడు. "తెల్లారే యాడికి పోయింటివి అన్నా?" అని అడిగాను. "పంచాంగం కొనేకి" అన్నాడు. పంచాంగం ఏదని అడిగాను. "దొరకలేదు" అన్నాడు.

లోపలికి వెళ్ళి, కళ్ళున్న పట్టీలు రెండూ విప్పి కొంగున ముడివేసుకున్నాను. విస్తళ్ళు వేసి, గుత్తి వంకాయ వడ్డించాక, అన్న అందరూ వినేలా గొంతు సవరించుకున్నాడు. "మాటంటే మాటే. పాప గెలిచినాది. సోలారోళ్ళకు నేను చెప్పుకుంటా" అన్నాడు. మా ఆయన విస్తట్లోకి మరీ వంగి తింటున్నారు. అప్పుడు నేను రెండు పట్టీలు తీసి అన్న విస్తరి పక్కన పెట్టాను. కుడికన్ను, ఎడమకన్ను. అంగట్లో దొంగచాటుగా కొన్నది మా చేని పంటేనని, శనివారం మధ్యాహ్నం ఆపా వేసి వచ్చిందని చెప్పాను. అన్న ముద్ద నోట్లో పెట్టుకోకుండా ఆ కళ్ళను చూస్తూ ఉండిపోయాడు. కళ్ళజోడు లేకుండా, తెల్లవారుజామున, ఎవరూ చూడకూడదని తలకు తువ్వాలు చుట్టుకుని కొన్నాడు పాపం, పట్టీ మీద ఏముందో ఏం చూసుంటాడు.

"నేనే ఓడిపోదామని అంగట్లో కొనుక్కోని వస్తే, అది గూడా నీ చేందే అయ్యెనే! ఓడిపోయేకి గూడా ఇయ్యవా నన్ను?" అన్నాడు.

అందరం నవ్వాం. వదిన నవ్వలేక విస్తరి ముందునుంచి లేచిపోయింది. నేనూ నవ్వుతూనే, ఎందుకు చేశావన్నా అని అడిగాను. వంకాయ తొడిమె పట్టుకుని చాలాసేపు తిప్పాడు. "నీకొక్కదానికేనా అమ్మ? సంతకు ఆ గంప ఎత్తింది నేను కదా పాపా. ప్రతి సంతకూ ఆయమ్మ తల మీదికి ఎత్తి పెడ్తాంటి. ఆ చేన్లో ఇనుము పాతేకి నాకు మాత్రం మనసొస్తాదా? ఒక్కన్నే బీడు పెట్టుకోని కూసోలేక సంతకం అంటి. నువ్వు వస్తావని నాకేం తెలుసు" అన్నాడు. ఆయన అమ్మ మాట ఎత్తడం పదిహేనేళ్ళలో అదే మొదలు. ఆ గంప సంగతి నేను పూర్తిగా మర్చిపోయాను. నా జ్ఞాపకంలో అమ్మ, నేను, గంప, ఇంతే ఉన్నాం. ఆ గంప దానంతట అదే తలకెక్కదని లెక్కల టీచరుకు తోచలేదు. సిగ్గేసింది. ఇంకాస్త వంకాయ వడ్డించాను.

కానీ మా వదిన ఊరుకోలేదు. తీర్పు చెప్పాలి కదా. తిరిగొచ్చి కూర్చుని, షరతులో చేన్లో కాసింది కావాలన్నారే కానీ అంగట్లో కొనగూడదని ఎవరూ అనలేదని, కాబట్టి పాపే గెలిచిందని, అయితే పండగపూట అబద్ధమాడినందుకు అన్నకు ఒక భక్ష్యం తగ్గిస్తానని చెప్పింది. అన్న రెండు కోల్పోయాడు. రెండోది పంచాంగం అబద్ధానికి. మర్నాడు ఆపా షీర్ ఖుర్మా పాయసం గిన్నె పట్టుకుని భయం భయంగా వచ్చింది. సంగతంతా విని, గిన్నె మా అన్న ముందే పెట్టి, "అన్నా, నువ్వు కొంటావని తెలిసింటే ఇంగొంచెం రేటు సెప్పమందునే అంగడామెకు" అంది.

అదయ్యాక ఇంకో ఏడాది గడిచింది. ఇప్పుడు అన్న కొట్టు పనివాళ్ళకు వదిలేసి పొద్దున్నే నాతోపాటు చేనికొస్తున్నాడు. బెండ ఎప్పుడు కోయాలో నాకు చెబుతాడు, ఆపా ఇద్దరికీ చెబుతుంది. బోర్డు మీద ఇప్పుడు ఏమీ రాయడం లేదు, అక్కడ ముగ్గురి టిఫిను సంచులు వేలాడుతుంటాయి. ఎడమకన్ను పట్టీ నా పెట్టెలో భద్రంగా ఉంది. కుడికన్ను తాళంచెవికి వేలాడుతూ రోజూ ఎండలో తిరిగి తిరిగి వెలిసిపోతోంది, ఇంకో వేసవికి ఆ కాస్తా చెరిగిపోతుంది. ముప్పై మూడేళ్ళు గంటలు కొట్టించి కాలాన్ని పీరియడ్లుగా ముక్కలు చేసి పంచాననుకున్నాను. ఆ ఒక్క ఏడాది నన్నే ముక్కలుగా కోసి, కొత్తిమీర కట్టలకు చుట్టి, ఊరంతా పంచి, మళ్ళీ మా ఇంటికే తెచ్చి పెట్టింది.